అట్ట మీద తొమ్మిది బోల్టులు

“కొంచెం ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే. ఇక కదపకు,” అంది అమ్మ.

ఆమె తల కారు బానెట్ కింద ఉంది. మాటలు ఇంజన్‌లోంచి వస్తున్నట్టు వినబడుతున్నాయి. పక్కనే ఒక చెక్కపెట్టె మీద నిలబడి, రెండు చేతులతో టార్చిలైటు పట్టుకుని ఉంది ఆమె కూతురు. ఐదో తరగతి. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆ పిల్ల పని ఇదే. అందుకే ఇంట్లో ఆమె అసలు పేరు మూలకి పోయింది. అందరూ టార్చి అనే పిలుస్తారు.

బయట ఎండ ఫెళఫెళ కాస్తోంది. ఇంజన్ అడుగున మాత్రం చీకటే. ఆ చీకట్లో వెలుగు ఎక్కడ పడితే అక్కడ ఒక కొత్త వస్తువు బయటపడుతుంది. ఒక పళ్ల చక్రం. దాన్ని చుట్టుకుని ఒక గొలుసు. వేలంత సన్నని గొట్టం వంకర తిరిగి ఎక్కడికో పోతుంది. ఇన్ని ముక్కలు కలిసి మనుషుల్ని మోసుకుంటూ పరిగెత్తడం ఏమిటని టార్చికి ఎన్నిసార్లు చూసినా వింతే. చూస్తూ చూస్తూ నోరు మూయడం మరిచిపోతుంది.

“నోరు మూసుకో తల్లీ. ఇవాళ సెలవు, పళ్లు చూడను,” అంది అమ్మ.

అమ్మ పళ్ల డాక్టరు.

కారు తాతయ్యది. అంటే అమ్మ వాళ్ల నాన్నది. ఎంత చిన్న కారంటే, టార్చి వాళ్ల నాన్న అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. తాతయ్య పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్లూ అందులోనే తిరిగాడు. ఒకసారి జబ్బు చేసిన దూడని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చాడట. అది కాలు విదిలిస్తే తలుపుకి లోపలివైపు సొట్ట పడింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. టార్చి అప్పుడప్పుడూ అందులో అరచెయ్యి ఆనించి చూస్తుంది. తను పుట్టకముందు ఒక దూడ తన్నిన తన్ను ఇంకా అక్కడే ఉందంటే ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత కారు ఆగిపోయింది. షెడ్డులో దుప్పటి కప్పుకుని ఇరవై ఏళ్లు పడుకుంది. కిందటేడు ఒకరోజు అమ్మ ఆ దుప్పటి లాగేసి, “దీన్ని నేనే బాగుచేస్తాను,” అంది.

“భేష్,” అన్నాడు నాన్న. “ఇంట్లో పళ్ల డాక్టరు ఉంది, పశువుల డాక్టరు ఉన్నాడు. కార్ల డాక్టరు ఒక్కడే తక్కువ.”

అమ్మకి మెకానిక్ పని రాదు. ఒక పాత లావుపాటి పుస్తకం ఉంది, బోలెడంత ఓపిక ఉంది. క్లినిక్కులో పళ్ల వెనక చూసే చిన్న అద్దంతో ఇంజన్ సందులు చూసేది. పాత టూత్‌బ్రష్‌లతో తుప్పు తోమేది.

ఇంకా ఆమెకి ఒక పద్ధతి ఉంది. ఏ భాగాన్ని విప్పినా ముందు దాని బొమ్మ ఒక అట్ట మీద గీసేది. ఏ బోల్టు ఎక్కడ్నుంచి తీసిందో బొమ్మలో సరిగ్గా అక్కడే పొడిచి పెట్టేది. అలాంటి అట్టలు షెడ్డు గోడ నిండా వేలాడుతున్నాయి. వాటికి దుమ్ము పట్టకుండా చూసే బాధ్యత టార్చిది.

ఈ ఆదివారం పని ఇంజన్ ముందుండే మూత బిగించడం. పళ్ల చక్రాన్నీ గొలుసునీ కప్పేది ఆ మూతే. దానికి తొమ్మిది బోల్టులు.

అమ్మ అట్ట అందుకుని ఆగిపోయింది. “ఏయ్, ఇవేంటి ఇలా మెరుస్తున్నాయి?”

టార్చి మొహం వెలిగిపోయింది. “నిన్న బడి నుంచి వచ్చాక నేనే తోమాను. కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్ పెట్టి.”

“కొత్తవాటిలా ఉన్నాయే. నాన్నా, చూడండి మీ మనవరాలి పని.”

తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న తాతయ్య అట్టని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. “నా ఇంజెక్షన్ సూదులు కూడా ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేవు,” అన్నాడు. టార్చికి కాళ్లు నేల మీద నిలవలేదు.

అమ్మ అట్టలో చూసి ఒక్కో బోల్టూ తీసి, మూతలో అదే చోట పెట్టి తిప్పసాగింది. రెండు బాగానే దిగాయి. మూడోది మధ్యలో ఆగింది. దాని తల మూతని తాకకుండా కాస్త పైకే నిలబడిపోయింది.

“కన్నంలో తుప్పు మిగిలిందేమో,” అంది అమ్మ. “అట్టలో ఉన్న చోటు ఇదే కదా. సరే, భోంచేసి వచ్చి పెద్ద స్పానర్‌తో దీని పని పడదాం.”

అందరూ చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు.

“తాతయ్యా, మూత బిగించాక ఆ చక్రం తిరిగేది ఇంక కనపడదా?” అడిగింది టార్చి.

“కనపడదు. కనపడినా నీ కంటికి ఆనదు,” అన్నాడు తాతయ్య. “కారు జోరు మీదున్నప్పుడు, నువ్వు ‘అమ్మా’ అని పిలిచేలోపు అది యాభైసార్లు తిరుగుతుంది.”

టార్చి మనసులో అమ్మా అనుకుంది. యాభై. ఇంకోసారి అనుకుంది. ఇంకో యాభై. అంత వేగాన్ని ఆ తొమ్మిది బోల్టులు కప్పి ఉంచుతాయంటే వాటి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

“మరి అమ్మా, ఆ బోల్టులన్నీ ఒకే పొడుగు చెయ్యొచ్చు కదా. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి ఎందుకు?”

“కన్నాలన్నీ ఒకే లోతు ఉండవుగా. లోతు తక్కువున్న దాంట్లో పొడుగు బోల్టు పెట్టి బలవంతంగా తిప్పామనుకో, అడుగు తగిలి ఇంజన్ దిమ్మే చిట్లిపోతుంది. అలాంటి దిమ్మ ఇప్పుడెవరూ తయారుచెయ్యట్లేదు. అది పోతే కారు పోయినట్టే. అందుకేగా ఈ అట్టల గోల అంతా,” అంది అమ్మ.

టార్చి నమలడం ఆపేసింది.

నిన్న తోమడం అయ్యాక బోల్టుల్ని అట్టకి గుచ్చింది తనే. పాతవి ఏవి ఎక్కడున్నాయో చూసుకోలేదు. బడిలో గ్రూప్ ఫొటోకి నిలబెట్టినట్టు పొడుగువి పైన, పొట్టివి కింద వరసగా పెట్టింది. అలా అయితే చూడ్డానికి బాగుంటుందని.

నోట్లో ముద్ద మింగి చెప్పేద్దామనుకుంది. ఎదురుగా తాతయ్య నాన్నతో, “సూదుల కంటే శుభ్రంగా తోమిందయ్యా,” అని మళ్లీ చెబుతున్నాడు. ఆ పొగడ్త పోగొట్టుకోవడం టార్చికి ఇష్టం లేకపోయింది. కంచం అలాగే వదిలేసి లేచింది.

“అప్పుడే అయిపోయిందా?” అన్నాడు నాన్న.

“ఆకలి లేదు.”

ఎవరూ రాకముందే సరిచేసేద్దామని షెడ్డులోకి పరిగెత్తింది. బిగించిన మూడింటినీ చేత్తో తిప్పి తీసి, తొమ్మిదింటినీ ఒళ్లో పోసుకుంది. ఏది ఎక్కడిది? తోమకముందు ఒక్కోదానికి ఒక్కో రకం మరక ఉండేది. ఒకదానికి నూనె జిడ్డు, ఇంకోదానికి సగం దాకా తుప్పు. ఆ గుర్తులన్నీ తనే పోగొట్టింది. ఇప్పుడు తొమ్మిదీ ఏమీ తెలియనట్టు తళతళలాడుతున్నాయి. చేసేదేమీ తోచక మళ్లీ అట్టకి ఇందాకటిలాగే పొడుగువి పైన, పొట్టివి కింద గుచ్చేసింది.

అమ్మ పెద్ద స్పానర్ పట్టుకుని వచ్చింది. “ఏంటి, మళ్లీ తీసేశావా? తుప్పు చూశావా? మంచిపని చేశావు. రా, లైటు పట్టుకో.”

టార్చి పెట్టె ఎక్కింది. అమ్మ మొండికేసిన బోల్టుని మళ్లీ అదే చోట పెట్టి తిప్పింది. మళ్లీ అక్కడే ఆగింది. అమ్మ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, స్పానర్ తగిలించి బలం కూడదీసుకుంది.

“లైటు కదపకు,” అంది.

కానీ వెలుగు గజగజ వణుకుతోంది. మూత మీద, గొట్టాల మీద, అమ్మ చేతుల మీద ఎక్కడా నిలవడం లేదు.

“అమ్మా, తిప్పకు. ఆ అట్ట అబద్ధం చెబుతోంది.”

అమ్మ చెయ్యి ఆగింది.

“నేనే మార్చేశాను. తోమాక పొడుగువి పైన పెట్టాను. అన్నం దగ్గరే తెలిసింది నాకు. చెప్పలేదు.”

“ఎన్ని మార్చావు?”

“అన్నీ.”

అమ్మ స్పానర్‌ని మెల్లగా కింద పెట్టి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడాది ఆదివారాల అలసటంతా ఆమె మొహంలో కనపడింది. టార్చికి తిట్లే నయమనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇంకొక్క తిప్పు తిప్పి ఉంటే,” అని అమ్మ ఆగిపోయింది. తర్వాత చీర కొంగుతో నుదురు తుడుచుకుంది. “నేనూ పొడుగు చూసుకోలేదు. మెరుపు చూసి మురిసిపోయాను. సరే, ఏడిస్తే కన్నాల లోతు తెలియదు. ఎలా కొలుద్దామో చెప్పు.”

అమ్మ తన క్లినిక్కు సంచిలోంచి చిగుళ్ల లోతు కొలిచే పుల్ల తీసి కన్నంలో పెట్టింది. అది సగం దాకా కూడా వెళ్లలేదు. “ఇంత పెద్ద పన్ను నేనెప్పుడూ చూడలేదు,” అని గొణుక్కుంది.

టార్చి ముక్కు ఎగబీల్చి ఆలోచించింది. వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు చీపురు పుల్లలతో తిరిగొచ్చింది.

ఒక పుల్లని మూతలోని మొదటి కన్నంలో అడుగు తగిలేదాకా దించింది. మూత దగ్గర గోటితో పట్టుకుని బయటికి లాగి, అక్కడికి తుంచింది. ఆ పుల్ల ముక్క పక్కన అమ్మ ఒక్కో బోల్టునీ పెట్టి చూసింది. పుల్ల కంటే బియ్యపు గింజంత పొట్టిగా ఉన్న బోల్టు దొరికింది.

“దించు. చేత్తోనే,” అంది అమ్మ.

టార్చి తిప్పింది. ఏ అడ్డూ లేదు. బోల్టు తనంతట తనే దారి తెలిసినట్టు చుట్టలు తిరుగుతూ లోపలికి వెళ్లిపోయింది. దాని తల మూతకి మెత్తగా ఆనింది. టార్చి ఊపిరి బిగబట్టి చూసింది. ఎప్పుడో, ఎక్కడో, తనకి తెలియని మనిషెవరో ఈ కన్నానికి ఇంతే లోతు అని లెక్కగట్టి తొలిచాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ లెక్క తప్పలేదు.

తొమ్మిదో బోల్టు దిగేసరికి సాయంత్రమైంది. తాతయ్య వరసగా పేర్చి ఉన్న పుల్ల ముక్కల్ని తీసి అట్ట మీద ఒక్కో కన్నం పక్కన గుచ్చిపెట్టాడు. పోతూ పోతూ టార్చి తల మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో ఆదివారం పొద్దున్నే కారు షెడ్డు గుమ్మంలో నిలబడింది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ తాళం తిప్పింది.

కారు దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గింది. మూడోసారి ఒక్కసారిగా ఒళ్లు విదిలించుకుని లేచింది.

టార్చి కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. అన్నీ తన చేతుల మీదుగా వెళ్లిన ముక్కలే. అవన్నీ కలిసి ఇప్పుడు ఊపిరి పీలుస్తున్నాయి. ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల కనపడని చక్రం గుర్తొచ్చి, “అమ్మా,” అని మెల్లగా అంది. ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

తాతయ్య ముందుకొచ్చి, పశువు డొక్క మీద పెట్టినట్టు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

“ఊపిరి బాగానే ఉంది,” అన్నాడు.

నాన్న గేటు బార్లా తెరిచాడు. తాతయ్య ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. “టార్చీ, ఎక్కు,” అంది అమ్మ స్టీరింగ్ పట్టుకుని.

టార్చి అలవాటు కొద్దీ వంగి కారు కిందకి ఒకసారి లైటు వేసింది. నేల మీద ఏదో తళుక్కుమంది. ఒక చిన్న నట్టు.

అది ఎవరూ చూడలేదు. వీధిలో నలుగురు చేరారు. తాతయ్య అప్పుడే కిటికీ లోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. టార్చి ఈసారి ముద్ద మింగేదాకా కూడా ఆగలేదు.

“అమ్మా, ఇంజన్ ఆపు. కింద నట్టు పడి ఉంది.”

అమ్మ వెంటనే తాళం తిప్పేసింది. అంతసేపూ చప్పుడుతో నిండుగా ఉన్న షెడ్డు ఒక్కసారి బోసిపోయింది. అమ్మ శుభ్రమైన బట్టలతోనే కారు కింద దూరింది.

“పెట్రోలు గొట్టాన్ని పట్టుకునే క్లిప్పుది,” అంది కింద నుంచి. “నేనే సరిగ్గా బిగించలేదు. ఇలాగే రోడ్డెక్కి ఉంటే గొట్టం ఊడేది.”

“తాతయ్యా, కొంచెం ఆలస్యమవుతుంది,” అంది టార్చి.

“ఇరవై ఏళ్లు కూర్చున్నాను,” అన్నాడు తాతయ్య సీటుకి చేరగిలబడి. “ఇంకో పది నిమిషాలకి కాళ్లేం తిమ్మిరెక్కవు.”

టార్చి కొత్త గౌను సంగతి మరిచిపోయి అమ్మ పక్కన వెల్లకిలా పడుకుంది. ముందుగా నట్టుని క్లిప్పు బోల్టు పక్కన పెట్టి, దానికి సరిపోతుందో లేదో చూసింది. తర్వాత రెండు చేతులతో టార్చిలైటు పట్టుకుంది.

“కొంచెం ఎడమకి,” అంది అమ్మ.

వెలుగు ఎడమకి జరిగి, అక్కడే కదలకుండా నిలబడింది.