గాజు పలకలో కాపలా

పాత బీరువాలో దగ్గేది ల్యాబు తాతేనని ఆ ఆస్పత్రిలో అందరూ అంటారు. ఊపిరితిత్తుల్లో పురుగులు పట్టి చనిపోయిన ఆ ముసలి టెక్నీషియన్ ఊపిరితిత్తిని కోసి, ఒక ముక్కను స్లైడుగా దాచారట, అదింకా దగ్గుతోందట. ఇంత గట్టిగా చెప్పేవాళ్లలో లేబులు ఎత్తి తేదీ చూసినవాడు ఒక్కడూ లేడు. ల్యాబు అక్క కూడా చూడలేదు. రెండు డ్యూటీలు కలిపి చేసే మనిషికి దెయ్యాలతో వాదించే ఓపిక ఎక్కడిది?

ఆ మధ్యాహ్నం వాన. గదినిండా ఫార్మలిన్ వాసన. పై వార్డులో ఆమె తమ్ముడున్నాడు. అతని ఊపిరితిత్తులు కడిగి తీసిన నీటిచుక్క మైక్రోస్కోపు కింద ఉంది. దారపు పోగులాంటి పురుగుపిల్లను రక్షణ కణాలు చుట్టుముట్టి, అతుక్కుపోయి, కదలనివ్వడం లేదు. అవి పట్టు నిలిపితే తమ్ముడు బతుకుతాడు. వదిలితే లేదు.

"అక్కా, పట్టుకున్నాయా?" ఫోనులో తమ్ముడి గొంతు నీరసంగా ఉంది.

"పట్టుకున్నాయిరా. నీకన్నా నీ కణాలే నయం, పని ఎగ్గొట్టవు."

"పాపం, ఓవర్‌టైం ఇప్పించు."

నవ్వింది. నవ్వడానికి కూడా ఒళ్లు బరువుగా ఉంది.

పాత స్లైడుతో పోల్చి చూడకుండా ఫలితం చెప్పకూడదన్నది ఆ ల్యాబు పద్ధతి. ఆమె తమ్ముడికి ముందే చెప్పేసింది. ఆలస్యంగానైనా, తాతదని చెప్పుకునే ఆ స్లైడును బీరువాలోంచి తీసి అమర్చింది. గులాబీ రంగు పట్టించిన ఊపిరితిత్తి పొర. నడుమ పురుగు, చుట్టూ ఎన్నడో చచ్చిన కణాల కాపలా. వందసార్లు చూసిన దృశ్యమే.

కాపలా ఉంది. పురుగు లేదు... దాని ఆకారంలో ఖాళీ.

ఖళ్... ఖళ్...

బీరువాలోంచి కాదు. కటకం కింద నుంచి.

"అక్కా," తమ్ముడు గుసగుసగా అన్నాడు, "అక్కడ దగ్గేదెవరు?"

"నువ్వే కదరా?"

"నాకు దగ్గు ఇందాకే ఆగిపోయింది..."

తమ్ముడి నమూనా మళ్లీ పెట్టింది. రంగు వేయని నీటిచుక్క. కణాలు అలాగే ఉన్నాయి. వాటి నడుమ ఇప్పుడు రెండు పురుగులు. ఒకటి గులాబీ రంగులో... కదులుతోంది.

"ఇంకాసేపమ్మా... ఇంకాసేపు పట్టుకోండి," అని కణాలను బతిమాలింది.

నిలబడి నిలబడి కాళ్లు లాగినట్టు, ఒక కణం పట్టు సడలించింది.

"తమ్ముడూ?"

ఫోను పలకలేదు.

బల్ల మీది పాత స్లైడుకు ఎవరో ఊపిరి వదిలినట్టు ఆవిరి పట్టింది. తడికి లేబులు జారింది. దాని కింద, గాజు మీద వజ్రపు మొనతో గీసిన, స్లైడు తయారైన తేదీ: 1961 మార్చి 9.

ల్యాబు తాత పోయింది 1988లో.