అరుణగిరి గుమ్మంలో మంచినీళ్ళు

2097 నాటికి అంగారక గ్రహం మీది అరుణగిరి పట్నానికి చేరుకోవడం కష్టమేమీ కాదు. గుమ్మం దాటి లోపలికి పోవడమే కష్టం. గాలిని కూడా కొలిచి పంచుకునే ఊరు కాబట్టి అడుగుపెట్టే ప్రతి మనిషికీ వీసా ఉండి తీరాలి. చూసిపోయేవాళ్ళకు సందర్శక వీసా. దానిమీద వచ్చినవాళ్ళు మళ్ళీ నౌక వచ్చేదాకా, అంటే ఇరవయ్యారు నెలలు, కళ్ళప్పగించి చూడవచ్చు గాని చేత్తో స్పానర్ ముట్టుకోకూడదు. చదువుకు విద్యార్థి వీసా, కొలువుకు ఉద్యోగ వీసా, ఉద్యోగి వెంట వచ్చే మొగుడికో పెళ్ళానికో ఆశ్రిత వీసా. ఇక్కడి తేలిక బరువులో మోకాళ్ళ నొప్పులు తగ్గించుకునేవాళ్ళకు వైద్య వీసా. గ్రహశకలాల గనులకు పోతూ మధ్యలో నౌక మారేవాళ్ళకు ట్రాన్సిట్ వీసా. ఒక వీసా మీద వచ్చి ఇంకో పని చేశారో, వచ్చిన దారినే వెనక్కి!

వచ్చినవాడు దేనికొచ్చాడో తేల్చడానికి ఒకప్పుడు గుమాస్తాలు పదిహేడు రోజులు ప్రశ్నలతో చంపుకుతినేవారు. ఆ బాధ తప్పించడానికి డాక్టర్ మందాకిని పదకొండేళ్ళు కష్టపడి ‘ఉద్దేశదర్శిని’ని తయారుచేసింది. చూడ్డానికి మామూలు ద్వారబంధం. కమ్మీల లోపల వేల క్వాంటం సెన్సర్లు ఉంటాయి. మనిషి నోరు తెరవబోయే ముందు మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును పట్టి, దాన్ని ‘మనోరేఖ’గా గీసి, నోటి మాటతో సరిపోల్చుతాయి. రెండూ కలిస్తే పచ్చదీపం, తగిన వీసా. కలవకపోతే ఎర్రదీపం. మనిషికి నాలుగు నిమిషాలు చాలు.

ఆ రోజు దానికి తొలి పరీక్ష. భూమి నుంచి నలభై ముగ్గురు దిగారు. మొదటివాడికి ఎర్రదీపం వెలిగింది. రెండోవాడికీ ఎరుపే. మధ్యాహ్నానికి నలభై ఇద్దరికి నలభై రెండు ఎర్రదీపాలు!

ప్రవేశ మండలి అధ్యక్షుడు మార్తాండరావు గడియారం చూసుకున్నాడు. ఆయనకు మొదటినుంచీ ఈ యంత్రం గిట్టదు.

“డాక్టరుగారూ, నలభై ఇద్దరూ అబద్ధాలకోరులేనా? లేక మీ ద్వారబంధానికే పైత్యమా? తిరుగు నౌక ఇంకో ఐదు గంటల్లో బయల్దేరుతుంది. అప్పటికి పచ్చదీపం రానివాళ్ళంతా దాంట్లోనే. యంత్రం పాతసామాను గదిలోకి.”

“ఇంకొకరున్నారండీ,” అంది మందాకిని.

ఆ మిగిలిన ఒక్కరూ విజయనగరం జిల్లా నుంచి వచ్చిన అప్పలనరసమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సందర్శక వీసా అడిగింది. దరఖాస్తులో వృత్తి దగ్గర ‘మోటారు వైండింగ్’ అని చదవగానే మందాకినికి ప్రాణం లేచొచ్చింది. అరుణగిరి నీటి పంపుల్లో మూడు ఎర్రదుమ్ముకు కాలిపోయి నెలరోజులుగా మూలన పడున్నాయి. వాటి మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టగల మనిషి ఈ గ్రహం మీద లేడు. ఊరు మనిషికి రోజుకు రెండు చెంబుల నీళ్ళతో సరిపెట్టుకుంటోంది.

అప్పలనరసమ్మ ద్వారబంధం కింద నిలబడింది. యంత్రం ఖంగుమని అడిగింది: “ఎందుకు వచ్చారు?”

ఆమె చేతిసంచీ గుండెలకు హత్తుకుంది. “ఏటీ నేదు బాబూ. ఊరికినే వచ్చినాను. ఓపాలి సూసి పోదామని.”

ఎర్రదీపం. “మాటకూ మనసుకూ పొత్తు కుదరలేదు,” అంది యంత్రం.

“అయిపోయింది,” అన్నాడు మార్తాండరావు, అందరికీ వినబడేలా.

పదకొండేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. ఏడుపును దిగమింగుకోవడానికి మందాకిని తన వాటా నీళ్ళలోంచి గ్లాసెడు పోసుకుంది. పెదవుల దాకా తెచ్చి ఆగింది. అప్పలనరసమ్మ ఆ గ్లాసు వంకే చూస్తోంది. మందాకిని సిగ్గుపడి గ్లాసు ఆమె చేతికిచ్చి, తన కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

ఆమె గటగటా తాగి నిట్టూర్చింది. “సల్లగుండు తల్లీ! దిగిన కాడ్నుంచి మంచినీల్లు తాగుతావా అని ఒక్కులూ అడగనేదు. గుమ్మంలో నిలబెట్టి ఎందుకొచ్చినావంటే ఏటి సెప్తారమ్మా? మావూర్లో అయితే అది ఎల్లిపోమన్న మాట.”

మందాకిని ఉలిక్కిపడింది. ప్రయోగశాలలో రెండు వందల మందిని పరీక్షిస్తే ఒక్క తప్పూ రాలేదు. వాళ్ళందరినీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పిల్లలెలా ఉన్నారని అడిగాకే సెన్సర్లు వేసేది. అది అలవాటు కొద్దీ చేసిందే తప్ప ప్రయోగంలో భాగమని ఏనాడూ రాసుకోలేదు!

ఆమె నలభై రెండు మనోరేఖలనూ తెరమీద పక్కపక్కనే పరిచింది. అన్నీ ఒకే చోట మెలిక తిరిగాయి.

“ఇది అబద్ధం కాదు మార్తాండరావుగారూ, మొహమాటం! మెదడులో రెంటికీ ఒకటే మెలిక. యంత్రం తేడా పోల్చుకోలేకపోయింది. మనవాళ్ళు వచ్చీరాగానే వచ్చిన పని చెప్తారా? మీరు చెప్తారా?”



ఈలోగా కుర్చీలో సర్దుకుని అప్పలనరసమ్మ తనంత తానే మొదలెట్టింది. “మావేపు రాగితీగ మోటార్లు పోనాయమ్మా. నా సేతులతో ఎవులికీ పనినేదు. ఇక్కడ పాతవున్నాయని ఇన్నాను. ఈ వయసులో పనియ్యండని ఏ మొకం పెట్టుకుని అడిగీది? సుట్టపుసూపులా వచ్చి, మోటారు కాలిపోతే అప్పుడు సెప్దామనుకున్నాను.”

మందాకిని కుర్చీతో సహా ఆమెను ద్వారబంధం కిందికి జరిపింది. పచ్చదీపం! “ఉద్యోగ వీసా,” అంది యంత్రం.

ఇక చూడాలి హడావిడి. ఉన్న కుర్చీలన్నీ వచ్చాయి. సిబ్బంది తమ వాటా నీళ్ళు తామే తెచ్చి పోశారు. ప్రయాణం ఎలా జరిగింది, ఏం తిన్నారు అని పలకరించారు. మొహమాటం కరిగాక జనం వాళ్ళంతట వాళ్ళే చెప్పుకొచ్చారు. విద్యార్థినన్నవాడు మోకాళ్ళ నొప్పులతో వచ్చాడు. సందర్శకుల్లో సగం మంది పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. వీసాలు మారిపోయాయి గాని దీపం మాత్రం నలభై మూడుసార్లూ పచ్చగానే వెలిగింది. తిరుగు నౌక ఖాళీగా ఎగిరిపోయింది. అప్పలనరసమ్మ అప్పటికే సంచీలోంచి రాగితీగ చుట్టలు తీసి, ఏ పంపు ముందు విప్పాలని అడుగుతోంది.

ఖాళీ గ్లాసులు ఏరుతూ మందాకిని ద్వారబంధం కిందికి వచ్చింది.

“నువ్వేటికొచ్చినావమ్మా ఇంత దూరం?” అని అడిగింది అప్పలనరసమ్మ.

“ఊరికేనండీ. పరిశోధన కోసం.”

తలపైన ఎర్రదీపం భగ్గుమంది. “మాటకూ మనసుకూ పొత్తు కుదరలేదు!”

హాలంతా గొల్లున నవ్వింది. తన యంత్రమే తనను పట్టివ్వడంతో మందాకిని మొహం కందిపోయింది. అప్పలనరసమ్మ నవ్వలేదు. గ్లాసులో నీళ్ళు పోసి, కుర్చీ తెచ్చి, “కూసో తల్లీ, ముందు తాగు,” అంది.

మందాకిని తాగింది. కళ్ళు చెమర్చాయి.

“అక్కడ భూమ్మీద నా యంత్రాన్ని చూసి నవ్వారండీ. ఒక్కళ్ళూ నమ్మలేదు. ఎక్కడో ఒకచోట నలుగురూ నాకు చప్పట్లు కొడితే వినాలని వచ్చాను.”

పచ్చదీపం వెలిగింది. వీసా రకం రాయాల్సిన గడిని యంత్రం ఖాళీగా వదిలేసింది. నలభై ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిబ్బందీ కొట్టారు. మార్తాండరావు అందరికంటే గట్టిగా కొట్టాడు, ద్వారబంధానికి మాత్రం పది గజాల దూరంలో నిలబడి.