రోప్‌వే పెట్టెలో హునాన్

మా ఊరు సెవగెట్‌కి కొత్త కోడలు కాపురానికొస్తే అత్తగారు ముందుగా కిటికీ దగ్గరికి తీసుకెళ్తుంది. లోయ అడుగున, ఏటి పక్కనున్న రోప్‌వే కింది స్టేషన్ చూపిస్తుంది. "చీకటి పడ్డాక అటు వెళ్లకు. రాత్రిపూట లోయలోంచి ఎవరో ఇనుము మీద కొడుతున్నట్టు వినిపిస్తే… పలక్కు," అంటుంది.

ఎవరు కొడతారని ఆ పిల్ల అడక్క మానదు.

హునాన్ కొడతాడు. రాగి కొలిమిలో పనిచేసేవాడు. ఒక రాత్రి షిఫ్టు దిగి ఇంటికి రావడానికి రోప్‌వే పెట్టె ఎక్కాడు… పెట్టె పైకొచ్చింది, మనిషి రాలేదు. అప్పట్నుంచీ కొన్ని రాత్రులు ఆ పెట్టె దానంతటదే కదులుతుంది. లోపల్నుంచి తలుపు మీద కొడతాడు. ఎవరైనా పలికారా, వాళ్లని తన షిఫ్టులోకి తీసుకుపోతాడు.

ఇదేదో తాతల నాటి కథ అనుకునేరు. సోవియట్ రాజ్యం కూలాక, కరెంటు లేని చీకటి చలికాలాలు మొదలైన ఏడాదే పుట్టింది. పుట్టించినవాడు సెరోబ్.

మా ఊరు రెండు ముక్కలు. కింద లోయలో ఏరు, రైలు పట్టాలు, రాగి ఫ్యాక్టరీ, రొట్టెల ఫ్యాక్టరీ. పైన కొండ నెత్తిన చదును నేల, దానిమీద మేముండే అయిదంతస్తుల ఇళ్లు. నూరేళ్ల కిందట ఫ్రెంచివాళ్లెవరో వచ్చి గని తవ్వారట. తర్వాత సోవియట్‌వాళ్లు పెద్ద పొగగొట్టం లేపి, పొగ తగలకూడదని మనుషుల్ని కొండమీదికి మార్చారు. పొగ తిన్నగా మా వెనకాలే పైకొచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, పొగా లేదు, జీతమూ లేదు. ఊరి రెండు ముక్కల్నీ కలిపేవి రెండే — రోప్‌వే, లేదంటే ఏడువందల మెట్లు.

సెరోబ్ రోప్‌వే పై స్టేషన్‌లో మోటారు నడిపే మెషినిస్టు. అతని భార్య నవార్ద్ కింద రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేది. నలభై ఎనిమిదేళ్లకే ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున కరెంటు లేకపోతే మెట్లెక్కి రావాల్సిందే. సగం దారిలో కూలబడి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి, మళ్లీ లేచేది. చూడనట్టు నటించేవాళ్లలో సెరోబ్ ఒకడు.

ఆ రోజుల్లో రాగి దొంగలు మూతపడ్డ ఫ్యాక్టరీని పీక్కుతింటున్నారు. తీగలు పోయాయి, గొట్టాలు పోయాయి, మోటార్లు పోయాయి. సెరోబ్‌కి ఒకటే భయం. రోప్‌వే మోటారు నిండా రాగే. అది పోయిందంటే నవార్ద్‌కి ఇక బతికినంత కాలం మెట్లే.

తుపాకీ లేదు. కుక్కని పెట్టుకుందామంటే దానికి పెట్టేందుకు తిండి లేదు. అందుకని హునాన్‌ని కాపలా పెట్టాడు.

పెద్ద పనేం పట్టలేదు. అప్పట్లో ఇళ్లల్లో ఎవరూ లైటు స్విచ్ ఆపేవాళ్లు కాదు. కరెంటు రోజుకి ఒక గంట రావచ్చు, రాకపోవచ్చు. వచ్చిందని తెలియాలంటే బల్బు వెలగాలి కదా. సెరోబ్ కూడా అంతే. సాయంత్రం పెట్టెని కింద వదిలి, పై స్టేషన్‌లో మోటారు స్విచ్ వేసే ఉంచి ఇంటికొచ్చేవాడు. కరెంటు రాగానే పెట్టె ఒంటరిగా, చీకట్లో, పైకి బయల్దేరేది. చూసినవాళ్లు సిలువ గుర్తు వేసుకుని తలుపులు బిగించుకునేవాళ్లు.

ఇక తట్టే పని రజ్మిక్‌ది. కింది స్టేషన్ కాపలాదారు. వారానికి రెండు మూడు రాత్రులు ఇనప ముక్క తీసుకుని రైలు పట్టా మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ఆగేవాడు. మళ్లీ మూడు.

"కాస్త ఏడుపు కూడా కలపనా?" అని అడిగాడట ఒకసారి.

"వద్దు. నీ గొంతు వింటే దెయ్యమనుకోరు, గొర్రె అనుకుని కోసుకు తింటారు," అన్నాడు సెరోబ్.

ఈ గుట్టు ఆ ఇద్దరికీ, నవార్ద్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. "లేని మనిషిని పుట్టించావు, పుట్టించిన పాపానికి చంపావు కూడా," అని నవార్ద్ మొగుణ్ణి ఆటపట్టించేది. దొంగలు మాత్రం మళ్లీ స్టేషన్ ఛాయలకి రాలేదు.

అలా రెండు చలికాలాలు గడిచాయి.

ఆ ఫిబ్రవరి రాత్రి చలికి కిటికీ అద్దాలు లోపలివైపు కూడా గడ్డకట్టాయి. కట్టెలు మిగులుతాయని పక్కిళ్లవాళ్లు సెరోబ్ గదిలో చేరారు. వచ్చినవాళ్లు ఇద్దరు. బళ్లో భూగోళం చెప్పే గుర్గెన్, కింద వాటాలో ఒంటరిగా ఉండే పైత్సార్ మామ్మ. రేకు పొయ్యిలోకి గుర్గెన్ తన పాత పాఠ్యపుస్తకాలు ఒక్కొక్కటే తోస్తున్నాడు.

"ఏడో తరగతి భూగోళం అయిపోయింది," అన్నాడు.

"చరిత్ర వెయ్యి నాయనా, లావుగా ఉంటుంది," అంది మామ్మ.

"చరిత్ర మండదు మామ్మా. పొగ ఒక్కటే వస్తుంది."

సెరోబ్, గుర్గెన్ పాచికలాటకి కూర్చున్నారు. పక్కన మల్బరీ సారా సీసా, అడుగున రెండు వేళ్ల మందం. నవార్ద్ పొద్దున ఏడింటికి గాని రాదు.

తొమ్మిది దాటాక బల్బు వెలిగింది.

మామ్మ కెటిల్ పట్టుకుని కరెంటు హీటర్ దగ్గరికి ఉరికింది. బయట పై స్టేషన్ చక్రం మూలిగి, తిరగడం మొదలెట్టింది… ఒక నిమిషం… రెండు… మూడు. ఠక్కున చీకటి. చక్రం ఆగిపోయింది. నీళ్లు గోరువెచ్చనైనా కాలేదు.

"పెట్టె సరిగ్గా సగంలో ఆగుంటుంది," అన్నాడు గుర్గెన్. "చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందిగా సెరోబ్. ఇద్దరం ఉన్నాం. పైకి లాగేద్దామా?"

"గంటన్నర పడుతుంది. ఖాళీ పెట్టె కోసం ఈ చలిలో ఎవడు చస్తాడు? వేలాడనీ. నీ వంతు, వెయ్యి."

గుర్గెన్ పాచికలు వేశాడు.

పావుగంట గడిచిందో లేదో…

ఠంగ్.

ముగ్గురూ తలెత్తారు.

ఠంగ్… ఠంగ్… ఠంగ్…

పైత్సార్ మామ్మ సిలువ గుర్తు వేసుకుంది. గుర్గెన్ సైన్సు తెలిసినవాడు. హునాన్ కథ విన్నప్పుడల్లా నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. సెరోబ్ మాత్రం లోపల్లోపల మురిసిపోయాడు. రజ్మిక్‌గాడికి ఇవాళ హుషారెక్కువైంది అనుకున్నాడు.

దెబ్బలు ఆగలేదు. మూడేసి కాదు, లెక్కా పత్రం లేకుండా, వరసగా. కొంచెంసేపు గబగబా… కొంచెంసేపు ఆగి ఆగి… వీడు తప్పకుండా తాగాడు అనుకున్నాడు సెరోబ్. పనిలో పనిగా దొంగల గుండెలు కూడా అదురుతాయిలే అనుకున్నాడు.

"కేకలు కూడా వినిపిస్తున్నాయి," అంది మామ్మ నెమ్మదిగా.

"గాలి."

"ఆడగొంతు నాయనా."

"లోయలో గాలి అలాగే ఏడుస్తుంది మామ్మా. ఏటి హోరు ఒకటి."

ఆవిడ లేచింది. గోడ పట్టుకుని కిటికీ దాకా వెళ్లింది. "ఎవరికైనా ఆపదేమో. ఒకసారి పలుకుతాను. నాకు డెబ్బై ఆరు. పట్టుకుపోతే పోనీ, ఎవరికి లోటు?"

గడియ మీద చెయ్యి వేసింది.

ఆవిడ పలికితే, కింద రజ్మిక్ తాగిన మైకంలో తిరిగి ఏ బూతో కూస్తాడు. రెండేళ్లు కాపాడుకున్న కథ ఒక్క కేకతో చెడుతుంది. రేపు మోటారు ఉండదు. సెరోబ్ ఒక్క అంగలో వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్నొక్కదాన్నే కాదు మామ్మా. ఎవరు పలికితే… వాళ్ల పక్కనున్నవాళ్లందర్నీ తీసుకుపోతాడట."

ఆ ముక్క అప్పటికప్పుడు పుట్టింది. మామ్మ గుర్గెన్ వంక చూసింది. గుర్గెన్‌కి ఇద్దరు ఆడపిల్లలు, పక్క వాటాలో నిద్రపోతున్నారు. ఆవిడ గడియ వదిలేసి వచ్చి కూర్చుంది.

ఆ రాత్రి లోయవైపు కిటికీలున్న ప్రతి ఇంట్లో ఇదే. ఒక్కొక్క కొవ్వొత్తీ ఆరిపోయింది. జనం దుప్పట్లు తలమీదికి లాక్కున్నారు. పిల్లల చెవులు తల్లులు మూశారు.

పదకొండు తర్వాత దెబ్బలు పలచబడ్డాయి. ఒకటి… చాలాసేపటికి ఇంకొకటి…

ఆ తర్వాత ఏమీ లేదు.

"వెళ్లిపోయాడు," అంది మామ్మ.

రేపు రజ్మిక్‌కి మిగిలిన సారా ఇచ్చెయ్యాలి అనుకుంటూ సెరోబ్ పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టిందట. ఈ మాట తనే తర్వాత చెప్పుకుని తల బాదుకున్నాడు.

పొద్దున లోయంతా మంచు తెర. కేబుల్ నాలుగు బారల దాకా కనిపిస్తుంది, ఆపైన తెల్లగా ఏమీ లేదు. ఏడయింది, నవార్ద్ రాలేదు. మెట్ల మీద ఎక్కడో కూర్చునుంటుంది, ఎదురెళ్దామని సెరోబ్ బూట్లు తొడుక్కుంటుంటే రజ్మిక్ వచ్చాడు. ఏడువందల మెట్లూ ఎక్కి, దగ్గుతూ, చేతులు చంకల్లో పెట్టుకుని.

"రాత్రి అదరగొట్టేశావు కదరా," అన్నాడు సెరోబ్ నవ్వుతూ.

"ఏం అదరగొట్టాను? నాకు జ్వరం. ఎనిమిదిన్నరకే ఇంటికి పోయి పడుకున్నా. ముందు నా కోటు ఇప్పించు, చలికి చచ్చిపోతున్నా."

"ఏ కోటు?"

"గొర్రెతోలు కోటు. రాత్రి నవార్ద్‌కి ఇచ్చానుగా." రజ్మిక్ గదంతా చూశాడు. "పిండి అయిపోయిందని నిన్న వాళ్లని పెందలాడే పంపించేశారు. మెట్లెక్కలేనంది. పెట్టెలో కూర్చుంటా, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మా ఆయన స్విచ్చే నన్ను ఇంటికి చేరుస్తుంది, నువ్వు వెళ్లి పడుకో అంది. నేనే బయట గడియ పెట్టి…"

సెరోబ్ ముఖం చూసి ఆపేశాడు.

సెరోబ్, గుర్గెన్ హ్యాండిల్ తిప్పారు. ఒక్క చుట్టుకి కేబుల్ జానెడు కదులుతుంది. ఊపిరాడనప్పుడు సెరోబ్ ఆగి, మంచులోకి కేకేసేవాడు. "నవార్ద్… నవార్ద్ జాన్, నా ప్రాణమా… లాగుతున్నాం…" చెవి పెట్టి వినేవాడు. మళ్లీ తిప్పేవాడు. చేతులు చిట్లి హ్యాండిల్ నెత్తురైంది. రజ్మిక్ గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. వెనకాల జనం పోగయ్యారు.

గంటన్నరకి మంచులోంచి పెట్టె బయటికొచ్చింది.

నవార్ద్ తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒంటిమీద రజ్మిక్ కోటు. ఒక కాలికి బూటు లేదు. మంచులో జారకుండా అడుగున మేకులు కొట్టించుకున్న బూటు, అది చేతిలో ఉంది. తలుపు లోపలివైపు ఇనప రేకంతా సొట్టలు. ఆవిడని లేపడానికి సెరోబ్ చాలాసేపు ప్రయత్నించాడు. ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు.

ఏడో రోజున సమాధి దగ్గరికి వెళ్లొచ్చి భోజనాలకి కూర్చున్నాం. చనిపోయినవాళ్ల పేరున తాగేటప్పుడు మా దగ్గర గ్లాసులు తగిలించం. సెరోబ్ లేచి నిలబడ్డాడు.

"హునాన్ లేడు," అన్నాడు. "ఎప్పుడూ లేడు. దొంగలు రాకుండా నేనే పుట్టించాను. పెట్టె కదిలేది నా స్విచ్ వల్ల. తట్టింది రజ్మిక్. ఆ రాత్రి తట్టింది నా భార్య. నేను మామ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. నన్ను ఏమైనా చెయ్యండి."

గుర్గెన్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. మూల కూర్చున్న రజ్మిక్ అవునన్నట్టు తలూపాడు గానీ ఎవరూ అటు చూడలేదు.

చివరికి పైత్సార్ మామ్మ వచ్చి సెరోబ్ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"దుఃఖంలో ఏవేవో అంటున్నావు," అంది. "హునాన్ ఉన్నాడు. వాడే తీసుకుపోయాడు."

"మామ్మా, నేను చెబుతున్నాను కదా…"

"చెప్పకు. వాడు లేడంటే, ఆ రెండు గంటలూ నేను విన్నది ఎవరి కేకలు? ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఎవరి కేకలు విన్నారు? ఆ పిల్ల మమ్మల్నే పిలుస్తుంటే దుప్పటి కప్పుకుని పడుకున్నామా మేము? అలా అనకు నాయనా. మేం బతకాలి. వాడే తీసుకుపోయాడు."

బల్ల చుట్టూ ఒక్కొక్కరూ తలూపారు. అవును, వాడే. హునానే. ఎవరో గ్లాసు ఎత్తారు, అందరం తాగాం.

సెరోబ్ మళ్లీ ఆ మాట చాలాసార్లు చెప్పాడు. రోడ్డు మీద, రొట్టెల క్యూలో, చర్చి మెట్ల దగ్గర. పాపం మతి చెడిందని జనం పక్కకి తప్పుకునేవాళ్లు. నాలుగేళ్లకి అతనూ పోయాడు. రోప్‌వే మోటారు మాత్రం ఇవాళ్టికీ భద్రంగా ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు.

మొన్న శరదృతువులో మా ఇంటికి కోడలు వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కింది స్టేషన్ చూపించి, హునాన్ సంగతి నేనే చెప్పాను. మా కిటికీ లోయవైపే. ఆ ఫిబ్రవరి రాత్రి పొయ్యి పొగ పోవాలని తెరిచే ఉంది, నేనే లేచి మూశాను. నవార్ద్ ఏమని పిలుస్తోందో ప్రతి మాటా వినిపించింది.