అమ్మ పొద పూయని ఏడు

"ఇంకో బకెట్ పట్టుకురా లియోటా," అంది అమ్మమ్మ.

ఆ రోజుకి అది నాలుగో బకెట్. పెరటి మూలనున్న ఓక్‌లీఫ్ హైడ్రేంజియా పొదకి అరచేయంత ఆకులు గుబురుగా వచ్చాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. మే నెల మూడో వారం. మా అలబామాలో ఈపాటికి ఏ అడవి అంచున చూసినా ఈ పొదలకి జానెడేసి తెల్ల గుత్తులు వేలాడుతుంటాయి.

"నాదే పాపం," అంది అమ్మమ్మ, మోకాళ్ళు పట్టుకుని నేలమీద కూలబడుతూ. "పోయిన ఎండాకాలమంతా మీ అమ్మతో ఆసుపత్రిలోనే ఉండిపోయాను. దీనికి గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేకపోయింది. మీ అమ్మ చేత్తో నాటిన మొక్కని నేనే పాడు చేసుకున్నాను."

లియోటా బకెట్ తెచ్చి పొద మొదట్లో కుమ్మరించింది.

పదేళ్ళ లియోటా వాళ్ళమ్మ అక్టోబర్‌లో పోయింది. ఆ పొద ఆవిడ నాటిందే. వచ్చే ఆదివారం డెకరేషన్. ఆ రోజు మేమంతా చర్చి వెనక సమాధులు ఊడ్చి, కడిగి, పువ్వులతో నింపుతాం. తర్వాత చెట్ల కింద బల్లలు వేసుకుని కలిసి తింటాం. కొన్న పువ్వులు పెడితే ఎవరూ కొట్టరు గానీ, పెరటి పువ్వుకున్న మర్యాదే వేరు. లియోటా వాళ్ళమ్మకి ఇదే మొదటి డెకరేషన్. "దాని పువ్వులే దానికి పెడతాను," అని అమ్మమ్మ చలికాలమంతా చుట్టాలకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

అసలు జరిగింది వేరు. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఊళ్ళో జనానికి చేతులు ఊరుకోవు. కనపడిన ప్రతి క్రేప్ మర్టిల్ చెట్టునీ మోడు చేసి వదులుతారు. అవి మొండి ఘటాలు, కొత్త కొమ్మలేసి మళ్ళీ పూస్తాయి. లియోటా అది చూసింది. అమ్మ పొద కేసి చూస్తే ఒక్క ఆకు లేదు, బెరడు పొరలు పొరలుగా ఊడిపోతోంది. అయ్యో, చచ్చిపోతోందనుకుంది. అప్పట్లో అమ్మమ్మ గది దాటి వచ్చేది కాదు. బాగు చేస్తే అమ్మమ్మ సంతోషిస్తుందనుకుంది పిచ్చిపిల్ల! పెద్ద కత్తెర తెచ్చి ప్రతి కొమ్మనీ మూరెడు కొట్టేసి, ముక్కలు కాలవలో పారేసింది.

ఏప్రిల్‌లో కొత్త ఆకులు కోతల్ని కప్పేశాయి. మొగ్గలు రాకపోయేసరికి భయమేసి, పక్కింటి ఓడెల్ తాతని అడిగింది.

"తాతా, హైడ్రేంజియాని కూడా మర్టిల్‌లాగే కొట్టాలా?"

"మతి గానీ పోయిందా! ఈ ఏటి మొగ్గ నిరుటి కొమ్మలోనే దాక్కుని ఉంటుంది. చలికాలంలో కొట్టావంటే ఆ ఏటికి పువ్వు లేనట్టే."

"మరి బెరడు ఊడిపోతుంటే?"

"అది దాని తీరే. రోగం కాదు. ఎందుకడిగావ్?"

"ఊరికే."

ఊరికే ఏమిటి, నా మొహం! ఆ రోజు నుంచి పిల్లకి అన్నం సహించలేదు. చెబుదామని వెళ్ళేది, అమ్మమ్మ మొహం చూసి వెనక్కి వచ్చేసేది. పైగా అమ్మమ్మ తప్పంతా తన మీదే వేసుకుంటుంటే, నిజం చెప్పాలంటే, మొదట్లో కాస్త ఊరటగా కూడా అనిపించింది. దానికి తర్వాత ఎంత సిగ్గుపడిందో!

ఆదివారం అమ్మమ్మ సమాధి మీద బజారులో కొన్న గుడ్డ పువ్వులు పెట్టింది. ఆవిడ చెల్లెలు వెర్నా వచ్చి చూసింది.

"ఇదేంటక్కా? హైడ్రేంజియా పువ్వులేవీ?"

"నీళ్ళు పొయ్యలేదే. పూయలేదు."

"కన్నకూతురు నాటిన మొక్కకి చెంబెడు నీళ్ళు పొయ్యలేకపోయావా!"

అమ్మమ్మ తల దించుకుంది. ఎవరికీ తల వంచని మనిషి. లియోటా చూడలేకపోయింది.

"అమ్మమ్మ తప్పేం లేదు," అంది. "ఫిబ్రవరిలో నేనే కొమ్మలు కొట్టేశాను. మొగ్గలన్నీ వాటితోనే పోయాయి. ఏప్రిల్‌లోనే నాకు తెలిసింది. అయినా చెప్పలేదు."

అమ్మమ్మ లియోటా వైపు తిరిగింది.

"నేను ఏడుస్తుంటే చూస్తూ బకెట్లు మోశావా?"

"మోశాను."

"కాసేపు నాతో మాట్లాడకు," అని అమ్మమ్మ అటు తిరిగిపోయింది.

లియోటాకి ఏడుపు తన్నుకొచ్చింది. అయినా అక్కడి నుంచి కదల్లేదు. ఎవరొచ్చి "ఆ పువ్వులేవీ, ఇనెజ్?" అని అమ్మమ్మని పేరు పెట్టి అడిగినా, ఆవిడ నోరు తెరిచేలోపే "నేను కొట్టేశానండీ," అని చెప్పింది. అలా నలుగురికి చెప్పింది. ఒకావిడ "చాల్లే నీ నిర్వాకం!" అని కసిరింది కూడా.

అయిదోసారి పాస్టరుగారి భార్య అడిగింది. లియోటా నోరు తెరవబోయింది. ఈసారి అమ్మమ్మే అందుకుంది.

"మా ఇంట్లో ఈ ఏడు పువ్వుల్లేవమ్మా," అంది.

ఎవరి వల్ల లేవో మాత్రం చెప్పలేదు.