కరక్కాయ గుడ్డ

కలంకారీ పనివాడు కుప్పయ్య శవం ఆయన గుడిసెలోనే బోర్లా పడి ఉంది. తల వెనక గాయం. పక్కనే కొలిమి సుత్తి.

ఉదయం ఏడున్నర. ఇన్‌స్పెక్టర్ వకుళాదేవి గుమ్మంలో నిలబడి లోపలంతా ఒకసారి చూసింది.

గోడల నిండా కలంకారీ బొమ్మలు. నేల మీద పగిలిన కుండ. అందులోంచి కారిన నీళ్లు శవం చుట్టూ మడుగు కట్టాయి. రక్తం కలవని చోట పలచటి తుప్పు రంగు. పులిసిన బెల్లం వాసన.

శ్రీకాళహస్తి రోడ్డులోని ఆ చోటు పేరు ‘ముత్తాతల పల్లె’. టికెట్ కొని చూసే పల్లె. వందేళ్ల కిందట జనం ఎలా బతికారో పనివాళ్లు చేసి చూపిస్తారు. డిసెంబరు సెలవుల్లో పిల్లలతో వచ్చిన కుటుంబాలు చెరకు గానుగ తిప్పుతాయి, బెల్లం వండుతాయి, రుమాళ్ల మీద బొమ్మలు వేసుకుంటాయి. గేటు తెరిచాక కంచె లోపల పనిచేసేవాళ్లందరూ పాతకాలపు ముతక బట్టల్లోనే ఉండాలి. మేనేజర్ కూడా.

గుడిసె వెనక దండెం మీద మీగడ రంగు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. మధ్యలో రెండు గుడ్డల మేర ఖాళీ. కింద క్లిప్పులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

హెడ్ కానిస్టేబుల్ మునిశేఖర్ సుత్తిని కవర్లో వేసి, గ్లోవ్స్ తీసేశాడు. వెనక్కి తిరగబోయి జారాడు. చెయ్యి మడుగులో పడింది. బయటికొచ్చి దండెం మీది గుడ్డకు తుడుచుకున్నాడు.

“ఇల్లనుకున్నావా మునిశేఖర్?”

“తప్పయిపొయ్యింది మేడమ్. అలవాటులో...”

మాట ఆగిపోయింది. గుడ్డ మీద నాలుగు వేళ్ల గుర్తులు. తుప్పు రంగులో కాదు, కాటుక నలుపులో. అతను చెయ్యి తిప్పి చూసుకున్నాడు. చేతికి నలుపు లేదు.

వకుళాదేవి ఆ గుడ్డను వాసన చూసింది. పాల వాసన. అంచు మీద ఈగలు.

“దీన్ని కూడా సీజ్ చెయ్యి. నీ వేళ్లతో సహా అని రాయి,” అంది.

బయట ఇరవై మంది పనివాళ్లు గుంపుగా ఉన్నారు. లుంగీలు, ప్యాంట్లు, నైలాన్ చీరలు. ఇద్దరు మనుషులు కమ్మరి ఏబెల్ రెక్కలు పట్టుకుని ఉన్నారు. అతని పెదవి చిట్లింది.

“వీడే మేడమ్,” అన్నాడు మేనేజర్ సుకుమార్. పంచె కట్టి, పైన గుడ్డ నిండుగా కప్పుకుని ఉన్నాడు. “సుత్తి వీడిదే. పోయిన నెల బాలల దినోత్సవానికి వచ్చిన పాపకు వీడి కొలిమి రవ్వ పడి కన్ను పొయ్యింది. రూపశ్రీ అని. చూసింది కుప్పయ్య ఒకడే. ఈ పొద్దు పాప నాయన ముందర చెప్తానన్నాడు. అంతలో ఏసేసినాడు.”

“ఏబెల్, ఏమంటావ్?”

“పాప నా కొలిమి తావకే రాలేదు మేడమ్. కుప్పయ్యన్న గుడిసెలో బొమ్మ ఏస్తా ఉండింది. ఆయన నిజం చెప్తాడనే నేను కాసుకోని ఉండా. ఆయన్ని చంపుకుంటే నాకెవురు దిక్కు?”

“సుత్తి?”

“కొలిమికి తలుపు యాడుండాది? ఎవురైనా తీసుకోవచ్చు.”

అతని భార్య ప్రసన్నకుమారి ముందుకొచ్చింది. “కన్ను పోగొట్టినోని పెండ్లామని నెల దినాలుగా అంటా ఉండారు మేడమ్. పడినా. ఈ పొద్దు నుంచి నా బిడ్డల్ని ఏమంటారో మీరే చెప్పండి.”

వకుళాదేవి ఏబెల్‌ను జీపులో కూర్చోబెట్టమంది. గుంపు సంతృప్తిగా కదిలింది. ప్రసన్నకుమారి జీపు చువ్వ పట్టుకుని నేల మీద కూలబడింది.

“శవాన్ని మొదట చూసిందెవరు?”

“లోకేశ్వరి. కుప్పయ్య తావ పని నేర్చుకుంటాది. ఆరున్నరకి,” అన్నాడు సుకుమార్.

“అప్పుడు మీరెక్కడ?”

“ఆఫీసులో. నిన్న సాయంత్రం నుంచి ఈ పక్కకే రాలేదు.”

“ఈ పంచె ఎప్పుడు కట్టారు?”

“వచ్చినప్పుడే. బట్టల గదిలో. రోజూ అంతే కదా మేడమ్.” మోకాలి దగ్గర ఈగల్ని తోలుకున్నాడు. “ఒక రిక్వెస్టు. గేటు ముందర నాయుడుపేట, చెన్నై నుంచి వచ్చిన ఫ్యామిలీలు నిలబడి ఉండాయి. బెల్లం పొయ్యి ఒకటన్నా అంటిస్తాం. అది ఆ చివర్న కదా ఉండేది.”

“శవాన్ని ఇంకా తియ్యలేదు, సుకుమార్ గారూ.”

“అందుకే మేడమ్. బిన్నా, ఇప్పుడే అంటిస్తే పిల్లోళ్లు ఈ పక్క చూడరు.”

“ఏ పొయ్యీ అంటించొద్దు.”

ఆమె లోకేశ్వరిని పక్కకు పిలిచింది. ఇరవై ఏళ్ల అమ్మాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వకుళాదేవి ఆమెను మూడు ప్రశ్నలు అడిగింది. తర్వాత మునిశేఖర్ చెవిలో ఏదో చెప్పి గానుగ వైపు పంపింది.

పది గంటలకు అందర్నీ గుడిసె ముందు నిలబెట్టింది. రూపశ్రీ తండ్రి లక్ష్మీనరసింహ కూడా వచ్చాడు. అతని పక్కన ఎనిమిదేళ్ల పాప. ఎడమ కంటికి కట్టు.

వకుళాదేవి మొదట పనివాళ్లను చూసింది.

“మీరంతా ఇంటి బట్టల్లోనే ఉన్నారు. ఎందుకు?”

“బట్టల గది తెరిస్తే కదా మేడమ్,” అన్నాడు ఒకతను.

“తాళం నా తావే ఉండాది,” అంది లోకేశ్వరి. “కుప్పయ్యన్నని చూసినాక ఇంగ తెరవనేలేదు.”

“మరి మేనేజర్ గారికి పంచె ఎక్కడిది?”

అందరూ సుకుమార్ వైపు తిరిగారు. అతను పైగుడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

“నిన్నటిది. ఇంటికి కట్టుకోని పొయ్యినా.”

“పొద్దున బట్టల గదిలో కట్టానన్నారు. సరే, నిన్నటిదే అనుకుందాం. పైగుడ్డ తియ్యండి.”

అతను కదల్లేదు. కానిస్టేబుల్ ఆ గుడ్డ లాగాడు. నడుము దగ్గర, పంచె దోపిన చోట, నాలుగు నల్లటి వేళ్ల గుర్తులు.

“బొగ్గు మసి. కొలిమి కాడ అంటింది.”

“అదీ చూద్దాం.” ఆమె సబ్బు, చెంబుడు నీళ్లు తెప్పించింది. “మసైతే పోతుంది. ఉతుకు లోకేశ్వరీ.”

లోకేశ్వరి పంచె దోపిన కొస పట్టుకుని రుద్దింది. నురగ తెల్లగానే ఉంది. గుర్తులు అలాగే ఉన్నాయి.

“ఇది పంచె కాదు,” అంది వకుళాదేవి. “బొమ్మ వెయ్యడానికి కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ. అందుకే ఈగలు మీ ఒక్కరి చుట్టే తిరుగుతున్నాయి. పగిలిన కుండలో ఉన్నది కసిం. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లు. చేతికంటితే మురికి నీళ్లలా ఉంటుంది. ఈ గుడ్డకు తగిలితే నలుపు తిరుగుతుంది. ఇక వదలదు. మా మునిశేఖర్ చెయ్యి తుడుచుకోకపోతే, లోకేశ్వరి చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు. కుప్పయ్య పడ్డప్పుడు కుండ పగిలి మీ చేతుల మీద చిందింది. మీ బట్టలకు రక్తం. బయట పనివాళ్లు వస్తున్న చప్పుడు. దండెం మీది గుడ్డలు లాగి కట్టుకున్నారు. రోజూ జనాన్ని పిలిచి ఈ పని చూపిస్తారు. మీరు మాత్రం ఒక్కసారీ చూడలేదు.”

మునిశేఖర్ ప్లాస్టిక్ కవరు ఎత్తి చూపించాడు. నీలం ప్యాంటు, చొక్కా. రక్తం ఇంకా పూర్తిగా ఆరలేదు.

“మీరన్నట్టే, ఈయన అంటిస్తానన్న బెల్లం పొయ్యిలో, చెరకు పిప్పి కింద ఉండాయి మేడమ్.”

ఏబెల్‌ను పొద్దున పట్టుకున్న ఇద్దరూ తలలు దించుకున్నారు.

లక్ష్మీనరసింహ ముందుకొచ్చాడు. “నిన్న సాయంత్రం కుప్పయ్య ఫోన్ చేశాడు. నిప్పురవ్వ కాదు సార్, వచ్చి మాట్లాడండి అన్నాడు. ఏమిటది?”

సుకుమార్ నేల చూపులు చూశాడు. “కరక్కాయ, కసిం అంటే ఒక బొమ్మకి రోజులు పడతాది. టికెట్ కొన్నోళ్లు అంతసేపు ఆగరు. బిన్నా రంగు తేలాలని ఆసిడ్ సీసా తెచ్చి పెట్టినా. నా మోచెయ్యి తగిలింది. పాప మొగం మీద... నోరు మూసుకోమని నెల దినాలు బతిమాలినా. ఇనలేదు.”

“పొద్దున బతిమాలడానికి వెళ్లలేదు. సుత్తి తీసుకుని వెళ్లావు,” అంది వకుళాదేవి. బేడీలు పడ్డాయి.

జీపులోంచి ఏబెల్‌ను దించారు. లక్ష్మీనరసింహ అతని ముందుకు వెళ్లి నిలబడ్డాడు. చిట్లిన పెదవి చూశాడు.

“పాపని ఎండలో నిలబెట్టద్దు సామీ,” అన్నాడు ఏబెల్.

కుప్పయ్యను స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నారు. రూపశ్రీ తల పూర్తిగా పక్కకు తిప్పి, ఉన్న ఒక్క కంటితో చూసింది.

“నా చిలక?” అంది.

లోకేశ్వరి తన గుడిసెలోంచి ఒక మీగడ రంగు రుమాలు తెచ్చింది. ఆ రోజు పాప వేసిన చిలక. రెక్కలు, ముక్కు, కాళ్లు అన్నీ ఉన్నాయి. కన్ను లేదు.

“కన్ను అన్నిటికీ కడాకు పెట్టాలని తాత చెప్పినాడు. నేను పెట్టేలోపలే...”

లోకేశ్వరి తన కసిం కుండలో వెదురు కలం ముంచి ఇచ్చింది. పాప చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. తనే చుక్క పెట్టింది.

ముందు తుప్పు రంగులో కనబడింది. చూస్తుండగానే నల్లబడింది.