రంగు అంటని భాగం

ఎల్‌బీ నగర్‌లోని ఆ ఇంటి ముందుగదిలో లలితమ్మ నూలు పోగులకు రబ్బరు పట్టీలు బిగించి కడుతోంది. పోచంపల్లి వదిలి ఏళ్ళయినా పొద్దున్నే కాసేపు కట్టనిదే ఆమెకు తోచదు. ఒడిలో గేటు తాళంచెవి, కోడలు రజిత ఫోను ఉన్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన డిటెక్టివ్ సూర్యప్రభ ఆ ఒడినే చూస్తోందని సహాయకురాలు అమల గమనించింది.

“కంప్యూటర్ల చీరల డిజైన్లన్నీ మాయమైనయి మేడం,” అంది లలితమ్మ. “గీమెనే వాటిని పుట్టింటోళ్ళకు పంపి ఈడ తుడిచేసింది. అవి దొరికేదాక గేటు దాటనియ్య.”

రజిత వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

“కంప్యూటర్ ఎవరు చూసుకుంటారండీ?” అడిగింది సూర్యప్రభ.

“ఆమెనే, పెద్ద ఇంజినీరు,” లలితమ్మ కొడుకు, రజిత భర్త నరేష్‌కుమార్ నవ్వాడు. “లినక్స్ సిస్టమ్ మళ్ళ కొత్తగ ఎక్కించింది, అంతా పాయె. నాకైతే మెయిల్ చూసుడు తప్ప ఏం తెల్వదు.”

“డిస్క్‌ని ఎన్ని భాగాలు చేశారు?”

“భాగాలేంది మేడం? ఒక్కటే డిస్క్.”

“రెండు,” అంది రజిత మెల్లగా. “ఒకదాంట్ల సిస్టమ్. ఇంకోదాంట్ల అందరి ఫైళ్ళు, డిజైన్లు. సిస్టమ్ పాడైతే అదొక్కటే మళ్ళ ఎక్కించుకోవచ్చని నేనే పంచిన. చూస్తనంటే దాని దగ్గరికి పోనిస్తలేరు.”

అమల కంప్యూటర్ ముందు కూర్చుంది. డబ్బా మీది స్టిక్కరు ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ అంటోంది. ఫైళ్ళ తెర వంద జీబీకి మించి చూపడం లేదు. అమల ఆ సంగతి చెప్పగానే సూర్యప్రభ అందరినీ దగ్గరికి పిలిచింది.

“లలితమ్మగారూ, ఈ పోగును రంగులో ముంచితే ఏమవుతుంది?”

“కట్టినకాడ రంగు అంటదు. విప్పితే తెల్లగనే ఉంటది.”

“మీ కోడలు డిస్క్‌నీ అలాగే కట్టింది. తుడిచినవాళ్ళకి సిస్టమ్ భాగం ఒక్కటే తెలుసు. రెండోదాన్ని కొత్త సిస్టమ్‌కి కలపలేదు కాబట్టి అది కనబడలేదు, అంతే. రజిత పాడుచేయాలనుకుంటే ముందు దాన్నే చెరిపేది. నరేష్‌గారూ, మెయిల్ తప్ప తెలియదన్నారు. సిస్టమ్ కొత్తగా ఎక్కిందని ఎలా కనిపెట్టారు?”



అమల రెండో భాగాన్ని కలిపింది. డిజైన్లతో తెర నిండింది. పక్కనే నరేష్ ఫోల్డర్. అందులో, అవే డిజైన్లను ప్రింటు చీరల వ్యాపారికి అమ్మినట్టు అతను రాసిన మెయిళ్ళు.

“ఈ మెయిళ్ళు పోతాయనుకునే సిస్టమ్ తుడిచారు. నింద ఆమె మీద వేశారు,” అంది సూర్యప్రభ.

“అమ్మా, జర విను…”

లలితమ్మ వినలేదు. “రజితా, కూసో బిడ్డా. చాయ్ పెడ్త,” అంది.

రజిత వచ్చి అత్త ఒడిలోంచి ఫోను, తాళంచెవి తీసుకుంది. గేటు తెరిచి, తాళంచెవి దానికే వదిలేసి, మెట్రో స్టేషన్ వైపు నడిచింది.