బొట్టు పెట్టిన ట్యాగు

చనిపోయేముందు ఇంజనీరు నిలేశ్ పంపిన మెసేజ్‌లో నాలుగే మాటలున్నాయి: "సొరంగంలో ఒక ట్యాగు అబద్ధమాడుతోంది." తెల్లారి అతని శవం ముద్‌ఖేడ్ రైలు పట్టాల పక్కన దొరికింది.

"ఇది విదేశీ ముఠా పని. వాళ్ల మనిషి లోపలే ఉన్నాడు," అన్నాడు చీఫ్ సూర్యకాంత్ ఫోన్‌లో. "మధ్యాహ్నం రోబో బయల్దేరేలోపు ఆ ట్యాగును పట్టుకో."

ఏజెంట్ మార్కండేయ ఎలక్ట్రీషియన్ వేషంలో కిన్వట్ అడవి కింద ఆయుధాగారపు సొరంగంలోకి దిగాడు. అక్కడికి ఉపగ్రహ సిగ్నల్ అందదు. గోడల మీది రేడియో ట్యాగులు ఇచ్చే జవాబులతోనే, పాత బాంబులు మోసే రోబో తానెక్కడున్నదో లెక్కగట్టుకుంటుంది. ఒక్క ట్యాగు మోసం చేసినా, పేల్చేసే గుంతలోకి పోవలసిన బాంబు పక్కనే కూలీలు అన్నం తినే గదిలోకి పోతుంది. ఆ కూలీల్లో అతని మేనత్త ముత్తెమ్మ ఉంది.

"గోకుంద ఊర్ల వాన వడ్డదా?" చీకట్లోంచి కోడ్ వినిపించింది.

"పత్తి తడిసింది."

ముందుకొచ్చింది ప్రాజక్త. ఏజెన్సీ ముందే లోపల పెట్టిన మనిషి, హెల్మెట్‌లోనూ సొగసు తగ్గని మనిషి. "నాది గీ కిన్వటే. ట్యాగులన్నీ చూసిన, మంచిగనే ఉన్నయి," అంది. అతని స్కానర్ కూడా అదే చెప్పింది. స్కానర్‌కే దొరకని అబద్ధమంటే మార్కండేయకు నిజంగానే భయమేసింది.

నిన్న ఖండేనవమి, ఇక్కడి ఆయుధపూజ. కూలీలు పలుగూ పారా మొదలుకొని గోడ మీది ట్యాగుల దాకా అన్నిటికీ పసుపు పూసి బొట్లు పెట్టారు. అతను టార్చి వేసి ఒక్కొక్కటీ చూస్తూ నడిచాడు. మలుపు దగ్గర ఆగిపోయాడు. అక్కడి ట్యాగు మీద కుంకుమ ఉంది, కింద పసుపు లేదు. పసుపు పూయకుండా కుంకుమ పెట్టే చెయ్యి ఈ తాలూకాలోనే లేదు. పూజ తర్వాత ఎవరో బయటివాళ్లు మార్చిన ట్యాగది.

అంతలో చక్రాల చప్పుడు. రోబోను ఎవరో ముందే వదిలారు.

"అత్తా, బయటికి ఉరుకుండ్రి!" అని గది వైపు అరుస్తూ ట్యాగు మీద చెయ్యేశాడు.

"ఏందిరా, అన్నం ముంగట కూసున్నం!"

వెనక పిస్తోలు క్లిక్‌మంది. "చెయ్యి తియ్, మార్కండేయా," అంది ప్రాజక్త.

అతను తిరగలేదు. ట్యాగును గోడ నుంచి పీకేశాడు. ఒక్క ట్యాగు జవాబు అందకపోయినా కదలకూడదన్నది రోబో నియమం. అది గది గడప మీద ఆగి, సైరన్ మోగించింది. ముత్తెమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇగ కాల్చు. బాంబు మనిద్దరి పక్కనే ఉన్నది," అన్నాడు మార్కండేయ.

ఆమె వేలు తటపటాయించింది. సైరన్ విని ఉరికొచ్చిన గార్డులకు ఆ కాస్త ఆలస్యం చాలింది.

"అందరి లెక్క గట్లనే బొట్టు పెట్టిన కదా!" అంది ప్రాజక్త, సంకెళ్లతో.

"పసుపేది, మేడం?"

సాయంత్రం చీఫ్ అడిగాడు, ఏ పరికరంతో పట్టుకున్నావని.

"స్కానర్ వాపస్ పంపుతున్న సార్," అన్నాడు మార్కండేయ. "బదులు పావుకిలో పసుపు పంపుండ్రి."